పొలం బేరం పెట్టకండి, ముందు రిపోర్టు చదవండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోనూ వాట్సాప్ మెసేజుల్లోనూ సగానికి పైగా ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించే ఉన్నాయి. అవీ దాదాపు అన్నీ మన ఒడిశా సరిహద్దు నుంచే: రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, ఛత్రపురం, జయపురం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం. అడిగినవాళ్ళ పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాం. మోకాళ్ళ నొప్పుల గురించి రాసినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాది రాయగడ. నాన్నగారికి 61 ఏళ్ళు, రిటైర్డ్ టీచరు, జీవితంలో బీడీ ముట్టలేదు. దగ్గు తగ్గకపోతే ఇక్కడ టీబీ అని మందులు వాడించారు. ఇంకా వాడుతూనే ఉన్నారు. ఈలోగా విశాఖలో సీటీ తీసి, బయాప్సీ చేసి ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజి అన్నారు. రిపోర్టులో ‘అడినోకార్సినోమా, ఈజీఎఫ్ఆర్ ఎక్సాన్ 19 డిలీషన్ పాజిటివ్’ అని ఉంది. డాక్టరు రోజుకో మాత్ర రాశారు, అంతే. మా బావ మాత్రం హైదరాబాద్‌లో ఎవరినో కలిశాడు. వాళ్ళు ‘టార్గెటెడ్ జీన్ థెరపీ’ చేస్తాం, జబ్బు మొదలంటా పోతుంది అని పద్దెనిమిది లక్షలు చెబుతున్నారు. మన రాష్ట్రపతి ముర్ము గారు కూడా ముంబైలో జీన్ థెరపీ ప్రారంభించారని టీవీలో చూశాం. రెండెకరాలు బేరానికి పెట్టాం. మంచి పనేనా?

జవాబు: ముందు ఆ బేరం ఆపండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ బావగారు లక్షలు పోసి ఎక్కడో వెతుకుతున్న టార్గెటెడ్ వైద్యం, అంటే జబ్బుకి కారణమైన మార్పునే గురిపెట్టి కొట్టే వైద్యం, మీ ఇంట్లోనే ఉంది. మీ డాక్టరు రాసిన ఆ రోజుకో మాత్రే అది. ‘అంతే’ అని తీసిపారేశారు కానీ, ఈ జబ్బు వచ్చిన ఏ ఇంటివాళ్ళైనా రిపోర్టులో ఆ ఎక్సాన్ 19 అన్న ముక్క కనపడాలనే మొక్కుకుంటారు. ఎందుకో చెబుతాను. మన కణాల మీద ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్ ఉంటుంది, పెరగమని బయటి నుంచి కబురు వస్తే దాన్ని లోపలికి చేరవేయడం దాని పని. దాన్ని తయారుచేసే జీన్‌లో, అంటే జన్యువులో, ఎక్సాన్ 19 అనే చోట చిన్న ముక్క ఊడిపోతే, కబురు రాకపోయినా ఆ ప్రొటీన్ పెరగమనే చెబుతూ ఉంటుంది. పొలంలో మోటారు స్టార్టరు ఇరుక్కుపోయి, ఆపినా ఆగకుండా తిరుగుతూ మడి ముంచేసినట్టు. ఈ మాత్ర ఆ స్టార్టరును బాగుచేయదు, దానికి కరెంటు అందకుండా చేస్తుంది. మాత్ర పడినన్నాళ్ళూ మోటారు ఆగి ఉంటుంది.

ఈ సంగతి తెలిసింది మరీ పాతకాలంలో కాదు, 2004లో. గెఫిటినిబ్ అనే మాత్ర కొంతమందికే అంత బాగా ఎందుకు పనిచేస్తోందని అమెరికాలో పరిశోధకులు ఆ రోగుల కణితులను చూస్తే, వాళ్ళలో ఈ జీన్ మార్పు బయటపడింది. పొగ తాగనివాళ్ళలో, ఆడవాళ్ళలో, మన ఆసియావాళ్ళలో ఇది ఎక్కువ. మన దేశంలో అడినోకార్సినోమా అనే ఈ రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్ళలో అటూ ఇటూగా నలుగురిలో ఒకరికి ఉంటుంది. అంటే మీ నాన్నగారు బీడీ ముట్టకపోయినా క్యాన్సర్ ఎందుకొచ్చిందని మీరు బాధపడుతున్నారు చూడండి, అలాంటివాళ్ళలోనే ఈ మాత్ర పనిచేసే రకం ఎక్కువగా కనిపిస్తుంది.

ఎంత పనిచేస్తుందో దాచకుండా చెబుతాను. నాలుగో స్టేజిలో ఇది జబ్బును మొదలంటా తీసేసే మందు కాదు, అణిచిపెట్టే మందు. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటి పాత మాత్రలను, ఓసిమెర్టినిబ్ అనే కొత్త మాత్రను పోల్చి చూసిన పెద్ద ట్రయల్‌లో జబ్బు మళ్ళీ పెరగకుండా ఉన్న కాలం, మధ్యస్థంగా, పాతవాటితో 10 నెలలు, కొత్తదానితో దాదాపు 19 నెలలు. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు మన రోగుల మీదే, 350 మందితో ఇంకో ట్రయల్ చేశారు. గెఫిటినిబ్ ఒక్కటే ఇస్తే 8 నెలలు, దానికి కీమో కలిపి ఇస్తే 16 నెలలు జబ్బు కదలకుండా ఉంది. సైడ్ ఎఫెక్టులు కూడా పెరిగాయనుకోండి. ఓసిమెర్టినిబ్ కొనలేని ఇళ్ళకి అది పనికొచ్చే దారి, మీ డాక్టరును అడగండి. ఇవి మధ్యస్థపు లెక్కలు. కొందరికి అంతకంటే చాలా ముందే జబ్బు తిరగబడుతుంది, కొందరు ఏళ్ళ తరబడి మాత్ర వేసుకుంటూ మనవల పెళ్ళిళ్ళకి తిరుగుతుంటారు.

ఇప్పుడు మీ టీవీ వార్త సంగతి. అది నిజమే. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఐఐటీ బాంబేలో మన దేశంలోనే తయారైన జీన్ థెరపీని ప్రారంభించారు. మన ఒడిశా ఆడపడుచు కాబట్టి ఇక్కడ ఛానళ్ళు పదేపదే చూపించాయి కూడా. కానీ అది రక్తపు క్యాన్సర్లకి. నెక్స్‌కార్19 అంటారు, 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. రోగి రక్తంలోని టీ కణాలనే రక్షక కణాలను బయటికి తీసి, వాటిలో ఒక కొత్త జీన్ పెట్టి, సీడీ19 అనే గుర్తున్న క్యాన్సర్ కణాలను వెతికి చంపేలా తయారుచేసి మళ్ళీ ఎక్కిస్తారు. కొన్ని రకాల లుకేమియా, లింఫోమా కణాల మీద ఆ గుర్తు ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ కణం మీద ఉండదు. అంత గొప్ప వైద్యమైనా మీ నాన్నగారికి ఎక్కిస్తే దానికి అక్కడ పనే ఉండదు.

మరి ఊపిరితిత్తులకి అసలు జీన్ థెరపీ లేదా అంటే, ప్రయత్నాలు ముప్పై ఏళ్ళుగా ఉన్నాయి. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రిలో జాక్ రాత్ అనే సర్జన్ బృందం, కణాన్ని అదుపులో ఉంచే పీ53 అనే జీన్ పాడైతే దాని స్థానంలో మంచి జీన్‌ను వైరస్‌లో పెట్టి నేరుగా కణితిలోకి సూదితో ఎక్కించి చూసింది. తొమ్మిది మంది రోగులు, 1996లో అచ్చయింది. కొన్ని కణితులు కుంచించుకుపోయాయి. సూది పడిన చోట మాత్రమే. చిక్కంతా అక్కడే ఉంది. నాలుగో స్టేజిలో జబ్బు ఎముకల్లో, కాలేయంలో, మెదడులో ఎక్కడెక్కడ ఉందో అంతటికీ, ప్రతి కణానికీ ఆ జీన్ చేరాలి. ఈలోగా శరీరం ఆ వైరస్‌ను శత్రువనుకుని చంపేస్తుంది. చైనా 2003లో పీ53 జీన్ మందుకి అనుమతి ఇచ్చింది కానీ అది తల, మెడ క్యాన్సర్లకి. 2016లో చైనాలోనే చెంగ్డూలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగికి క్రిస్పర్ అనే పద్ధతితో జీన్ కత్తిరించిన కణాలను ఎక్కించారు, మనిషికి అలా ఎక్కించడం ప్రపంచంలో అదే మొదలు. మొత్తం పన్నెండు మందికి ఇచ్చి, 2020లో ఫలితాలు చెప్పారు: పెద్ద ప్రమాదం లేదు, కానీ జబ్బు మీద చెప్పుకోదగ్గ దెబ్బా లేదు. టీయూఎస్‌సీ2 అనే జీన్‌ను వైరస్ లేకుండా కొవ్వు బుడగల్లో పెట్టి సెలైన్‌లా ఎక్కించే పద్ధతిని, ఓసిమెర్టినిబ్‌తో కలిపి అమెరికాలో ట్రయల్స్‌లో చూస్తున్నారు. ఇదంతా పరిశోధన. ‘రేపు వచ్చి అడ్మిట్ అయిపోండి’ అని చేసే వైద్యం కాదు.

కాబట్టి ఆ పద్దెనిమిది లక్షలవాళ్ళని ఒక్క పని చేయమనండి: ఎక్కించబోయే మందు పేరు, కంపెనీ పేరు, మన దేశంలో దానికున్న అనుమతి, లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. ‘అది ట్రయల్ అండీ’ అంటే మన ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, సీటీఆర్ఐ నంబరు అడగండి. వెబ్‌సైట్‌లో కొడితే ఎవరికైనా కనిపిస్తుంది. అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అసలైన ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకి రోగి దగ్గర డబ్బు తీసుకోరు, లక్షలు అడిగారంటే అక్కడే అర్థం చేసుకోండి. నా అంచనా, కాగితం అడిగిన రోజు నుంచి వాళ్ళు మీ బావ ఫోన్ ఎత్తరు.

ఇక అసలు టెన్షన్ పడాల్సిన విషయం మీ ఉత్తరంలో ఇంకోటుంది, మీరు దాన్ని మామూలుగా రాసేశారు. టీబీ మందులు ఇంకా వాడుతున్నారా? టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, మూత్రం నారింజ రంగులో వస్తుంది చూడండి, అది దాని వల్లే. అది కాలేయాన్ని ఉసిగొల్పి ఈ క్యాన్సర్ మాత్రను ఒంట్లో నిలవకుండా కరగబెట్టేస్తుంది. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఓసిమెర్టినిబ్ మూడింటికీ ఇదే బాధ. నాన్నగారు మాత్ర మింగుతూనే ఉంటారు, రక్తంలో మందు ఉండదు. ఆయనకి టీబీ నిజంగా ఉందా, కళ్ళె పరీక్షలో తేలిందా, లేక ఎక్స్‌రేలో మచ్చ చూసి మొదలుపెట్టారా? రేపే రెండు మందుల కవర్లూ తీసుకుని విశాఖ డాక్టరుకి చూపించండి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. టీబీ ఉన్నదే నిజమైతే దాన్ని సగంలో ఆపడం ఇంకో ముప్పు.

డబ్బు విషయం. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్‌కి మన దేశంలో తయారైన జెనరిక్ మాత్రలు చాలా ఉన్నాయి, ఒకే మందుకి బ్రాండును బట్టి ధర చాలా మారుతుంది, నాలుగు చోట్ల అడిగి కొనండి. ఓసిమెర్టినిబ్ ఖరీదైనదే. 2024 జూలై బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం తీసేసిన మూడు క్యాన్సర్ మందుల్లో అదీ ఒకటి. కంపెనీల సహాయ పథకాలు కూడా ఉంటాయి, ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని కలిస్తే ఫారం ఇస్తారు. ఆ సోషల్ వర్కర్ గది సాధారణంగా ఏదో మూల ఉంటుంది, ఎవరూ చూపించరు, అడిగి వెళ్ళాలి.

ప్రశ్న: గుణుపురం నుంచి రాస్తున్నాను. మా ఆయనకి లంగ్ క్యాన్సర్, జీన్‌లో తేడా ఉందని రిపోర్టు వచ్చింది. మా అమ్మాయికి పాతపట్నంలో సంబంధం కుదిరే దశలో ఉంది. అబ్బాయి తరపువాళ్ళకి ఎవరో చెప్పారు, ‘జీన్ జబ్బంట కదా వదినా, పిల్లలకి వస్తుందంట కదా’ అని వాళ్ళ పెద్దమ్మ ఫోన్ చేసి అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఏం చెప్పమంటారు?

జవాబు: రాదని చెప్పండమ్మా, ధైర్యంగా చెప్పండి. ఆ పరీక్ష మీ ఆయన కణితి ముక్క మీద చేశారు. ఆ మార్పు ఆయన పుట్టినప్పుడు లేదు, పెద్దయ్యాక ఊపిరితిత్తిలో ఏదో ఒక కణంలో మొదలై, ఆ కణం నుంచి పుట్టిన కణాల్లో మాత్రమే ఉంది. అమ్మాయి పుట్టేనాటికి అది లోకంలోనే లేదు. తండ్రి చెయ్యి విరిగితే కూతురికి విరిగిన చెయ్యి రాదు కదా, అంతే. అంటువ్యాధీ కాదు, ఒకే కంచంలో తిన్నా రాదు.

వంశంలో వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ అసలు లేదా అంటే, చాలా చాలా అరుదుగా ఉంది. కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి చిన్న వయసులోనే రకరకాల క్యాన్సర్లు వచ్చి ఉంటే అప్పుడు డాక్టరే రక్తపరీక్ష చేయిద్దాం అంటారు. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే చాలాసార్లు కారణం జీన్ కాదు, ఇద్దరూ పీల్చిన పొగ. కట్టెల పొయ్యి, కిటికీ లేని వంటగది, పక్కన కూర్చుని చుట్ట కాల్చే మామగారు.

ఆ పెద్దమ్మ గారికి ఇంకా అనుమానం ఉంటే ఈ పేజీ ఫోటో తీసి పంపండి. ఆవిడ ఇంట్లో ఎవరు ఏం కాలుస్తారో కూడా ఓసారి అడగండి, పెళ్ళిచూపుల్లో అది మనవాళ్ళు అడగరు గానీ అడగాల్సిన ప్రశ్నే.

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా అమ్మకి 66. పెళ్ళికి ముందు నుంచీ అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టి కాల్చడం) అలవాటు. ఇప్పుడు ఊపిరితిత్తిలో గడ్డ, రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ నెగెటివ్, ఏఎల్‌కే నెగెటివ్, కేఆర్ఏఎస్ జీ12సీ పాజిటివ్ అని ఉంది. రెండు నెగెటివ్‌లు కాబట్టి మంచిదే అనుకోవచ్చా?

జవాబు: ఇక్కడ లెక్క తలకిందులు. షుగర్ పరీక్షలోలాగా నెగెటివ్ అంటే మంచి అనుకోకండి. ఈ పరీక్షలు జబ్బు ఉందా లేదా చూడడానికి కాదు, ఏ మాత్ర పనికొస్తుందో చూడడానికి. రెండు నెగెటివ్ అంటే ఆ రెండు రకాల మాత్రలూ అమ్మకి పనికిరావు.

కేఆర్ఏఎస్ మార్పు పొగ తాగేవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. నలభై ఏళ్ళ పాటు దీన్ని ‘మందు పట్టని జీన్’ అని వదిలేశారు, అది తయారుచేసే ప్రొటీన్ నున్నగా ఉండి మందు అతుక్కోవడానికి చోటే దొరికేది కాదు. జీ12సీ అనే ఒక్క రకానికి మాత్రం దారి దొరికి, 2021లో సోటోరాసిబ్ అనే మాత్రకి అమెరికాలో అనుమతి వచ్చింది, తర్వాత అడాగ్రాసిబ్. సాధారణంగా ఇవి మొదటి వరస మందులు కావు. ముందు కీమో, ఇమ్యూనోథెరపీ (ఒంట్లోని రక్షణ శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం) ఇచ్చి, అవి పనిచేయనప్పుడు వీటి దాకా వస్తారు. మీ అమ్మకి మొదట ఏమిస్తారన్నది ఆ రిపోర్టులోనే ఉండే పీడీ-ఎల్1 శాతం (ఇమ్యూనోథెరపీ ఎంత పనికొస్తుందో అంచనా వేసే లెక్క) మీద, ఆవిడ ఓపిక మీద ఆధారపడుతుంది.

అడ్డపొగ ఇప్పుడైనా మానిపించండి. ‘ఈ వయసులో మానేసి ఏటి బాబూ లాభం’ అంటారు, మన వైపు ప్రతి ముసలమ్మా ఇదే మాట. లాభం ఉంది. మానేసినవాళ్ళు కీమోని బాగా తట్టుకుంటారు, దగ్గు, ఆయాసం కొంతైనా తగ్గుతాయి. నిప్పున్న కొస నోట్లో పెట్టి కాలుస్తారు కాబట్టి అంగిలి మీద కూడా క్యాన్సర్ రావచ్చు, టార్చిలైటు వేసి ఓసారి నోరు చూపించండి డాక్టరుకి.

ప్రశ్న: బరంపురం నుంచి. నాన్నకి గెఫిటినిబ్ మొదలుపెట్టిన రెండో వారానికి ముఖం నిండా, ఛాతీ మీద పొక్కులు వచ్చాయి. అమ్మవారు పోసిందని మా నాయనమ్మ మాత్రలు ఆపించి, గుమ్మానికి వేపాకు కట్టింది. పది రోజులైంది. గ్యాస్ మాత్ర మాత్రం వేసుకుంటున్నాడు.

జవాబు: అమ్మవారు కాదు. మందు పనే అది. ఈజీఎఫ్ఆర్ చర్మంలో కూడా ఉంటుంది, మందు దాన్నీ అణుస్తుంది కాబట్టి మొటిమల్లాంటి పొక్కులు ముఖం మీద, ముక్కు పక్కల, ఛాతీ మీద, వీపు మీద లేస్తాయి, కొన్నిట్లో చీము కూడా కనిపిస్తుంది. నాయనమ్మ గారిని తప్పుపట్టను, చూడడానికి అలాగే ఉంటుంది. తేడా ఎలా తెలుస్తుందంటే, అమ్మవారికి జ్వరం ఉంటుంది, పొక్కులు నీళ్ళతో బుడగల్లా ఉంటాయి, ఒళ్ళంతా పాకుతాయి. దీనికి సాధారణంగా జ్వరం ఉండదు. అనుమానం ఉంటే ఫోటో తీసి డాక్టరుకి పంపండి, ఈరోజే.

వేపాకు గుమ్మానికి ఉంటే ఉండనివ్వండి, మాత్ర మాత్రం డాక్టరుతో మాట్లాడి వెంటనే మొదలుపెట్టించండి. పది రోజుల విరామం తక్కువేమీ కాదు. ముఖానికి కొబ్బరినూనె, పసుపు, ఇంట్లో మిగిలిన ఏదో ట్యూబు పట్టించొద్దు. మామూలు మాయిశ్చరైజర్ రాయండి, ఎండలో తిప్పొద్దు, సబ్బు తగ్గించండి. పొక్కులు ఎక్కువైతే డాక్టరు డాక్సీసైక్లిన్ లాంటివి రాస్తారు. కొన్ని వారాలకి గోళ్ళ పక్కన వాచి గోరుచుట్టు కూడా వస్తుంది, అదీ దీనిదే. విరేచనాలు అయితే ఓఆర్ఎస్ తాగించండి, రోజుకి నాలుగైదు సార్లు దాటితే ఫోన్ చేయండి. ఒక్కదానికి మాత్రం ఫోన్‌తో సరిపెట్టొద్దు: కొత్తగా ఆయాసం, పొడి దగ్గు పెరిగితే మాత్ర ఆపి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, అరుదుగా ఈ మందు ఊపిరితిత్తుల్లోనే వాపు తెస్తుంది, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ గ్యాస్ మాత్ర సంగతి డాక్టరుకి చెప్పారా? కడుపులో ఆమ్లం ఉంటేనే గెఫిటినిబ్ సరిగ్గా కరిగి ఒంటికి పడుతుంది. పాంటాప్, ఒమెజ్ లాంటివి ఆ ఆమ్లాన్ని తగ్గించేస్తాయి. మన ఇళ్ళలో గ్యాస్ మాత్రను ఎవరూ మందుగా లెక్కపెట్టరు, ‘ఇంకేమైనా వాడుతున్నారా’ అని డాక్టరు అడిగితే ‘ఏవీ లేవండీ’ అనేస్తారు.

ప్రశ్న: ఛత్రపురం. ఎర్లోటినిబ్ వేసుకుంటూ అమ్మ పద్నాలుగు నెలలు బాగుంది. ఇప్పుడు స్కాన్‌లో మళ్ళీ పెరిగిందన్నారు. మందు నకిలీదా?

జవాబు: అలా అనుకోవడానికి ఆధారం లేదు. పద్నాలుగు నెలలు పనిచేసింది కదా. క్యాన్సర్ కణాలు కొంతకాలానికి జీన్‌లో ఇంకో మార్పు తెచ్చుకుని మందును తప్పించుకుంటాయి. పాత మాత్రలు వాడినవాళ్ళలో సగం మందికి పైగా ఆ కొత్త మార్పు టీ790ఎం అనేది. దానికోసమే ఓసిమెర్టినిబ్ తయారైంది, 2015లో మొదట అనుమతి వచ్చింది కూడా దానికే. కాబట్టి మళ్ళీ పరీక్ష కావాలి. ముందు రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ చేయించండి, అందులో టీ790ఎం కనపడితే సూది బాధ తప్పుతుంది. రక్తంలో కనపడకపోతే లేదని కాదు, అప్పుడు గడ్డ నుంచి మళ్ళీ ముక్క తీయాల్సిందే. కొన్నిసార్లు ఆ ముక్కలో జబ్బు స్మాల్ సెల్ రకంగా మారి ఉంటుంది, దాని వైద్యమే వేరు. ఈలోగా పాత మాత్ర ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, జబ్బు ఒక్కసారిగా ఎగసిపడకుండా కొన్నాళ్ళు కొనసాగిస్తారు చాలామంది.

ప్రశ్న: మాది జయపురం. అన్నయ్యకి బయాప్సీలో అడినోకార్సినోమా వచ్చింది. వచ్చే సోమవారం నుంచే కీమోతో పాటు ఇమ్యూనోథెరపీ మొదలుపెడదాం అంటున్నారు. జీన్ టెస్టు మాట ఎవరూ ఎత్తలేదు. మేమే అడగొచ్చా? విశాఖ వెళ్ళాలా, కటక్ వెళ్ళాలా?

జవాబు: అడగొచ్చు కాదు, అడగాలి. అడినోకార్సినోమా అని తేలితే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, రోస్1 అనే జీన్లు, పీడీ-ఎల్1 కనీసం చూడాలి, పొగ తాగినా తాగకపోయినా. ఏఎల్‌కే మార్పు నూటికి నలుగురైదుగురిలోనే ఉంటుంది, కానీ ఉన్నవాళ్ళ అదృష్టం వేరు. దానికిచ్చే లోర్లాటినిబ్ మాత్ర వేసుకున్నవాళ్ళలో అయిదేళ్ళ తర్వాత కూడా 60 శాతం మందికి జబ్బు పెరగలేదని 2024లో ఫలితాలు వచ్చాయి. అలాంటి మాత్ర పనికొచ్చే మనిషికి పరీక్ష లేకుండా వేరేది ఎక్కించేస్తే ఎవరికి నష్టం?

అన్నయ్య బాగా నీరసించి, ఆయాసంతో ఉంటే రిపోర్టు వచ్చేదాకా కీమో ఒక్కటే మొదలుపెట్టడం తప్పు కాదు. ఇమ్యూనోథెరపీ మాత్రం రిపోర్టు వచ్చేదాకా ఆపమని గట్టిగా అడగండి. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవాళ్ళకి అది పెద్దగా పనిచేయదు, పైగా అది ఎక్కించిన వెంటనే ఓసిమెర్టినిబ్ మొదలుపెడితే ఊపిరితిత్తుల్లో వాపు వచ్చే ముప్పు పెరుగుతుంది.

పరీక్ష కోసం అన్నయ్యను వెంటనే ఎక్కడికీ తిప్పక్కర్లేదు, బయాప్సీ ముక్క ఉన్న దిమ్మ (దాన్నే బ్లాకు అంటారు) వెళ్తే చాలు. బయాప్సీలో తీసిన ముక్కను మైనంలో పెట్టి చిన్న దిమ్మలా చేస్తారు, అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు, ప్లాస్టిక్ క్యాసెట్ మీద నంబరు రాసి ఉంటుంది. అది అన్నయ్యది, సంతకం పెట్టి తీసుకోవచ్చు. క్యాసెట్ మీద నంబరు, రిపోర్టు మీద నంబరు ఒకటేనా చూసుకోండి. మే నెలలో బస్సు డ్యాష్‌బోర్డు మీద పెట్టి తీసుకెళ్ళొద్దు, మైనం కరిగిపోతుంది. ముక్క చాలలేదంటే రక్తంతో ప్రయత్నించొచ్చు. రిపోర్టుకి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, ఆ టైములో మనుషులు ఆగలేక నాటుమందులకి పోతారు, పోకండి.

ఎక్కడికి అంటే, మీకు ఏది దగ్గర, ఎవరింట్లో దిగగలరు అన్నది చూసుకోండి. కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ ఉంది, భువనేశ్వర్‌లో ఎయిమ్స్ ఉంది, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి ఉంది. జయపురం నుంచి విశాఖే దగ్గర, తెలుగులో మాట్లాడుకోవచ్చు కూడా. కానీ కార్డు సంగతి ముందే తేల్చుకోండి. ఆంధ్రా ఎన్టీఆర్ వైద్య సేవ ఆ రాష్ట్రంవాళ్ళకే. మీ ఒడిశా ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం బయట కూడా ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో పనిచేస్తుంది. బయల్దేరే ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు వేయండి: ఈ కార్డు తీసుకుంటారా, జీన్ టెస్టు, మాత్రల ఖర్చు అందులో వస్తాయా. శ్రీకాకుళంలో అత్తవారి కార్డులో అన్నయ్య పేరు ఎక్కిస్తే అవుతుందా అని మాత్రం నన్ను అడక్కండి.

రైల్లో వెళ్తే రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళే ఒకరికి ఆ రెండు క్లాసుల్లో 75 శాతం రాయితీ. దానికి రైల్వే వాళ్ళ ఫారం మీద చికిత్స చేస్తున్న ఆసుపత్రి సంతకం, ముద్ర కావాలి. మొదటిసారి వెళ్ళినప్పుడే ఆ ఫారం పూర్తి చేయించుకుని రండి.